రెండవ చందా

ఒక మంచి పనికి మొదటి చందా రాబట్టుట అంత కష్టమైన పని కాదు. అడుగవచ్చినవారు ఊరి పెద్దమనుష్యులగుటచేతనో, పక్కయింటివారు నూటపదహార్లు వ్రాసిన పట్టీ కన్నులయెదుట నుండుటచేతనో, ఇంట శుభకార్యము జరిగిన సంతోషముచేతనో, వరదలో మునిగిన గ్రామముల చిత్రము పత్రికలో చూచిన జాలిచేతనో చేయి జేబులోనికి పోవును. ఆ చేయి మరుసటి సంవత్సరము గూడ జేబులోనికి పోవుటయే కష్టము. మొదటి చందాకు కారణములు పది యుండవచ్చును. రెండవ చందాకు సాధారణముగా ఒక్కటే కారణము: మొదటిది ఏమైనదో దాతకు తెలిసియుండుట. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ రెండవ చందాను గూర్చి.

మన పట్టణములలో పఠనమందిరములు, విద్యార్థి వసతిగృహములు, అనాథాశ్రమములు, ధర్మవైద్యశాలలు ఎన్నియో ప్రారంభోత్సవమునాడు మామిడి తోరణములతో కళకళలాడి, నాలుగైదేండ్లలో తలుపులు మూసికొనుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. జనులలో ధర్మబుద్ధి తగ్గినదని కార్యదర్శులు వాపోవుచుందురు. మాకట్లు తోచదు. ఆ యూరిలోనే గుడి ఉత్సవమునకు, పెండ్లి చదివింపులకు, ఆపదలోనున్న బంధువునకు ద్రవ్యము దొరకుచునే యున్నది. ఇచ్చినవారికిని పుచ్చుకొన్న సంస్థకును నడుమ రాకపోకలు తెగిపోవుటయే ఇందలి లోపము. వసతిగృహము మూతపడిన సంవత్సరము అందులో చదువుకొనుచుండిన పిల్లవాడు పుస్తకములు మూటగట్టుకొని ఊరికి తిరిగిపోవును. కార్యదర్శికి పదవి పోవును, దాతకు చందా మిగులును, ఆ పిల్లవానికి మాత్రము చదువే పోవును. కావున ఇది కేవలము ద్రవ్యము వసూలుచేయు నేర్పునకు సంబంధించిన విషయమని శ్రోతలు తలపకుందురు గాక.

దాతను జ్ఞాపకముంచుకొను విద్య మనకు క్రొత్తది కాదు. అమరావతి మహాచైత్యపు ఫలకములలో నొకదానిమీద పూర్ణకుంభమును చెక్కి, దాని దాత పేరును వ్రాసినారు. ఆ దాత రాజు కాడు, సేనాపతియు కాడు, విధికుడను చర్మకారుడు. తండ్రి పేరు చెప్పి, తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారునితో, కూతుండ్రతో, చుట్టములతో, స్నేహితులతో గూడ అతడా ఫలకమును సమర్పించినట్లు ప్రాకృతభాషలో చెక్కినారు. రాతిమీద చోటు తక్కువ, చెక్కుట శ్రమతో గూడిన పని. అయినను ఒక తోలుపనివాని కుటుంబమంతయు ఆ చైత్యము నడపినవారి లెక్కలో చేరినది. ఇన్ని శతాబ్దముల తరువాత మనమా పేరు చదువగలుగుచున్నాము. వేయి రూపాయల దాత పేరు పాలరాతిమీదను, పది రూపాయల దాత పేరు చిత్తుకాగితముమీదను వ్రాయు సంస్థలవారు ఈ ఫలకమును ఒక్కసారి తలచుకొనుట మంచిది.

ద్రాక్షారామ భీమేశ్వరాలయములో అఖండదీపముల కొఱకు చేసిన దానముల శాసనములు అనేకములు గలవు. ఆ దానముల విధానము మిక్కిలి గమనింపదగినది. దాత కొన్ని గొఱ్ఱెలను, సాధారణముగా ఏబదింటిని, పశువులను కాచు బోయనికి అప్పగించును. అతడును, అతని తరువాత అతని సంతతివారును ఆ మందను కాపాడుకొనుచు దీపమునకు దినమునకు మానెడు నేయి తెచ్చి పోయవలెను. ఇచ్చినది ఏమి, అది ఎవరి చేతిలో నున్నది, దానివలన ఎంత రావలెను, ఎంతకాలము రావలెను అను నాలుగు సంగతులును గుడికి వచ్చు ప్రతివారికి కనబడునట్లు రాతిమీద నున్నవి. ఒక రాత్రి దీపము వెలుగనిచో లెక్క తప్పినదని ఊరికంతకు తెలియును. ఇంతకంటె సులువుగా అర్థమగు వార్షిక నివేదికను మేమెచ్చటను చూడలేదు. నేటి సంస్థలు నలువది పుటల నివేదికలు నున్నని కాగితముమీద అచ్చువేయించుచున్నవి. వానిలో అధ్యక్షుల చిత్రములు దొరకును గాని, దీపము వెలిగినదో లేదో అంత త్వరగా దొరకదు.

రాతి శాసనములు సాధారణముగా గొప్ప దానముల మాట. నిత్యము చిన్నమొత్తముగా ఇచ్చుచు, పుచ్చుకొనువారిని ఎదురుగా చూచుచుండు దాతృత్వము వేఱొకటి మన ఇండ్లలోనే యుండెను. అది వారములు చేసికొని చదువుకొను పద్ధతి. పొరుగూరినుండి బడికి వచ్చిన బీదపిల్లవాడు ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఇట్లు ఏడిండ్ల భోజనము కుదుర్చుకొని చదువు సాగించెడివాడు. ఒక్కొక్క యింటికి భారము వారమునకు ఒక దినము మాత్రమే. ఆ యిల్లాలు విస్తరివేసి వడ్డించుచు, "ఏమిరా, లెక్కల పరీక్ష ఎట్లున్నది? మీ అమ్మకు జ్వరము తగ్గినదా?" అని అడిగెడిది. పిల్లవాడు తరగతి దాటిన నాడు ఏడిండ్లకును పోయి చెప్పెడివాడు. ఆ యింటివారికి తమ అన్నమెటు పోయినదో ఎవరును నివేదిక పంపనక్కఱలేదు, అది ఎదుట కూర్చుండి పాఠము వల్లించుచుండెను.

ఈ పద్ధతిని పొగడువారు పలువురు. మేమును కొంతవఱకు పొగడుదుము. కాని దీనిలోని రెండు దోషములను మఱువరాదు. చాలవఱకు అది తన కులపువానికి తన పంక్తిలో పెట్టిన అన్నమే. వెలుపలి పిల్లవానికి ఆ వీధిలో వారము దొరకలేదు. రెండవది, ఏడు గుమ్మములయెదుట నిలువబడి పెరిగిన పిల్లవాని మనసులో మిగులు సంకోచము. కొన్ని యిండ్లలో అన్నముతోపాటు మాటయు పడెడిది. వారములు చేసి చదువుకొని గొప్పవారైన కొందఱు ఆ యిల్లాండ్రను తల్లులవలె తలచినారు. ఆ వీధిపేరు చెప్పిన మొగము త్రిప్పుకొన్నవారును గలరు. కనుక సంస్థలు నడుపువారు దీనినుండి కొన్నిటినే తీసికొనవలెను. చందా చిన్నది కావలెను, తప్పక జరుగుచుండవలెను, దాని ఫలమును గూర్చిన వార్త దాతకు చేరుచుండవలెను. పుచ్చుకొనువానిని గుమ్మమున నిలువబెట్టుట మాత్రము మానవలెను. వసతిగృహపు వార్షికోత్సవమునాడు పిల్లలను వరుసగా వేదికయెక్కించి, దాతలకు పాదాభివందనము చేయించి, చిత్రములు తీయించు ఆచారము ఇంకను పోలేదు. దాతల యందు గౌరవమని వారందురు. అది పిల్లలకు అగౌరవమని మా యభిప్రాయము.

ఇక చందాల వసూలును శాస్త్రముగా ఆలోచించిన వారిలో మాకు ప్రథమగణ్యుడుగా తోచువాడు గాంధీమహాత్ముడు. ఆయన పేరు చెప్పగానే ఉప్పు, ఖద్దరు, ఉపవాసములు జ్ఞప్తికి వచ్చును గాని, ఆయన జీవితములో పెద్దభాగము విరాళములు అడుగుటలోను, వాని లెక్కలు వ్రాయుటలోను గడచినది. ఆ అభ్యాసము దక్షిణాఫ్రికాలో ప్రారంభమైనది. 1894 ఆగస్టు నెల 22వ తేదీన డర్బను నగరములో నేటాల్ ఇండియన్ కాంగ్రెసు ఏర్పడినప్పుడు ఆయనకు ఇరువదినాలుగేండ్లు. చందా నెలకు కనీసము అయిదు షిల్లింగులు. శక్తిగలవారు ఎక్కువ ఇయ్యవలెను. దాదా అబ్దుల్లా సేటు నెలకు రెండు పౌనులు వేసికొన్నారు. గాంధీగారు తమకింకను సంపాదన కుదురకున్నను, నెలకొక పౌను వ్రాసికొన్నారు.

తరువాత జరిగిన కథ చందా పుస్తకము చేతబట్టిన ప్రతివారికిని తెలిసినదే. వ్రాసినవారందఱును ఇయ్యలేదు. డర్బనుకు దూరముననున్న సభ్యుల యొద్దకు నెలనెల పోవుట సాధ్యము కాలేదు. ఊరిలోనివారిని సైతము పలుమాఱు అడుగవలసివచ్చినది. కార్యదర్శి గనుక వసూలు భారము గాంధీగారిది. చివరకు ఆయన గుమాస్తా దినమంతయు అదే పనిమీద తిరిగి విసిగిపోయినాడు. అప్పుడాయన సభ్యుల నుత్సాహము లేనివారని నిందింపలేదు. పద్ధతిని మార్చినారు. నెల చందా తీసివేసి, సంవత్సరమునకు కనీసము మూడు పౌనులు, అదియు ముందుగా చెల్లించునట్లు సభలో నిర్ణయింపజేసినారు. దాత మనసు మంచిదే యైనను దారి కష్టమైనచో ద్రవ్యము రాదని ఆయన గ్రహించినారు. నేడు మన కార్యదర్శులలో ఎందఱు తమ దాత యింటినుండి తమ కార్యాలయమువఱకు గల దారిని ఒక్కసారి నడచి చూచినారో మాకు సందేహమే.

అదే కాలమున టొంగాటు అను చోట ఒక రాత్రి జరిగిన సంగతిని గాంధీగారు ఆత్మకథలో వ్రాసినారు. ఒక సంపన్నుని వద్ద ఆరు పౌనులు వచ్చునని ఆశించి వీరు పోయిరి. ఆయన మూడు పౌనులకు మించి ఇయ్యనన్నాడు. ఆయన మూడిచ్చిన తక్కినవారును తగ్గింతురని వీరికి భయము. రాత్రి చాల గడచినది, అందఱికి ఆకలి. ఆరు పౌనులు రానిదే భోజనము చేయమని వీరు కూర్చుండిరి. తోడివారిలో కొందఱికి కోపము వచ్చినను అణచుకొనిరి. తెల్లవాఱుచుండగా ఆ గృహస్థు కరగి, ఆరు పౌనులును ఇచ్చి విందును చేసినాడు. ఈ వార్త ఆ ప్రాంతమంతయు ప్రాకి తరువాతి వసూళ్లను సులభము చేసినదట. ఈ పద్ధతిని నేడనుసరింపుమని మేము చెప్పజాలము. రాత్రియంతయు ఇంటిలో కూర్చుండిన చందాదారుల బృందమును సాగనంపుటకు గృహస్థు పోలీసులను పిలిచినను తప్పుపట్టరాదు. కాని ఆ రాత్రిలో గమనింపవలసినది పట్టుదల యొక్కటే కాదు. అడుగవచ్చినవారు ఆ గృహస్థుని యింటనే భోజనము చేయవలసిన చుట్టములవంటివారు. పరిచయము లేనివాడు తెల్లవాఱులు కూర్చుండలేడు, కూర్చుండినను కరుగువారుండరు.

ఆ కాంగ్రెసుకు మొదటి దినమునుండియు రెండు నియమములుండెను. చేతిలో నున్నదానికంటె ఎక్కువ ఖర్చుచేయరాదు, అప్పుతో ప్రజాకార్యము నడపరాదు. వచ్చిన ప్రతి పైకమునకును రసీదు ఇయ్యవలెను, ప్రతి ఖర్చును వ్రాయవలెను. 1894వ సంవత్సరపు లెక్కల పుస్తకములు అప్పటికిని చెక్కుచెదరక యుండునని ముప్పదేండ్ల తరువాత ఆత్మకథ వ్రాయుచు ఆయన ధైర్యముగా చెప్పగలిగినారు. లెక్కలు సరిగా లేని సంస్థలో సత్యమే నిలువదని ఆయన నమ్మకము.

అంతకంటెను ఆశ్చర్యకరమైనది శాశ్వతనిధిని గూర్చి ఆయన తరువాత వచ్చిన నిర్ణయము. నేటాలులో మొదట ఆయనయు అందఱివలెనే నిధి కూడబెట్టిన సంస్థకు చింతలేదని తలచి, అయిదువేల పౌనుల నిధికి పూనుకొన్నారు. ఆస్తి కొనిరి, అద్దెలు వచ్చినవి, ధర్మకర్తలును ఏర్పడిరి. ఆయన ఆ దేశమును విడిచిన తరువాత ఆ యాస్తియే కలహములకు మూలమై, అద్దె సొమ్ము న్యాయస్థానములో పేరుకొనుచుండెను. ప్రజాసంస్థ యేటికేడు వచ్చు చందాలమీదనే జీవింపవలెనని, చందా రాని సంవత్సరము సంస్థ అక్కఱలేదని ప్రజలు చెప్పినట్లేయని ఆయన నిశ్చయించినారు. భవనములు లేనిదే సాగని సంస్థలకు మాత్రమే ఆయన మినహాయింపు ఇచ్చినారు. బ్యాంకులో వడ్డీ వచ్చుచుండినచో కార్యదర్శి దాత మొగము చూడనక్కఱలేదు. దాత మొగము చూడనివాడు దాత మాటయు వినడు. ఏటేట చేయిచాచవలసిన అవసరము ఒక కళ్లెమువంటిదని ఆయన భావము. వైద్యశాల, పాఠశాల నడుపువారికి ఈ మాట పూర్తిగా రుచింపదని మే మెఱుగుదుము. వచ్చే నెల జీతముల కేమి చేయుదుమను భయముతో వైద్యము సాగదు. కొంత నిధి యుండవలసినదే. అయినను నిధి పెరిగినకొలది ఉత్తరములు తగ్గు సంస్థలను చూచుచుండుటచేత, ఆయన భయము నిరాధారము కాదని మేము చెప్పగలము.

మన దేశమునకు వచ్చిన తరువాత ఆయన అడిగిన మొత్తములు పెద్దవైనవి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశము తిలక్ స్వరాజ్యనిధికి కోటిరూపాయలు జూను నెలాఖరునకు కూర్పవలెనని తీర్మానించినది. గడువునాటికి ఆ కోటి సమకూడినది. స్త్రీలు చేతిగాజులు తీసి యిచ్చిన దినములవి. మన ప్రాంతమున ఆ నిధికి ఇచ్చినవారి యిండ్లలో ఆ కథలు మనుమల వఱకు వచ్చినవి. ఇట్టి ఉద్వేగము సంవత్సరమునకొకసారి రమ్మన్న రాదు. ఒంటిమీదినుండి తీసిన గాజును మరుసటి యేడు మరల అడుగుట ఎట్లు? అందుచేత ఉద్యమపు విరాళమును, సంస్థ చందాను ఒకే త్రాసులో తూచరాదు. వరద వచ్చినపుడు, తుపాను వచ్చినపుడు ఒక్కుమ్మడిగా వచ్చు ద్రవ్యము గాజువంటిది. దానిని చూచి మురిసి, అదే వరవడి యని తలచి ఖర్చు పెంచుకొన్న సంస్థలు తరువాతి సంవత్సరము తలక్రిందులైనవి.

ఆ మహానిధులనడుమ నాలుగు రూపాయల కథ యొకటి గలదు. 1929లో గాంధీగారు తమ పత్రికలో ఆశ్రమపు లోపములను గూర్చి వ్రాయుచు, కస్తూరిబాయిగారిని సైతము విడువలేదు. ఎవరో అపరిచితులు ఆమెకిచ్చిన నాలుగు రూపాయలను ఆమె ఆశ్రమ కార్యాలయములో జమచేయక తనయొద్ద ఉంచుకొన్నారని లోకమునకు వెల్లడించినారు. భార్య నాలుగు రూపాయల పొరపాటును పత్రికకెక్కించుట కఠినమని మా శ్రోతలలో గృహిణులు అందురు. మేమును అనుచున్నాము. ఇంటిలో చెప్పి జమకట్టించిన సరిపోయెడిది. కాని ఆ పత్రిక చదివిన వేలకొలది చిన్న దాతల దృష్టితో చూచినపుడు సంగతి మాఱును. తామిచ్చిన అణాకు సైతము అచ్చట అడుగువాడొకడున్నాడని వారికి తెలిసినది.

మన కాలమునకు వచ్చినచో, అనంతపురము చూడవలెను. దేశములో మిక్కిలి తక్కువ వర్షము పడు జిల్లాలలో నొకటియైన ఆ సీమకు 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చినారు. ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెసూట్ మతగురు సంఘమునకు చెందినవాడుగా మన దేశమునకు వచ్చి, మహారాష్ట్రములో మన్మాడు ప్రాంతపు రైతులకు బావులు త్రవ్వించుచుండెను. 1968లో దేశము విడువవలసివచ్చి, తిరిగివచ్చిన తరువాత అనంతపురమున స్థిరపడినారు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టునకు చాలకాలము ప్రధానమైన బలము స్పెయిను దేశపు సామాన్య కుటుంబముల నెలచందా. ఆ దాతల కొఱకు 1996లో బార్సిలోనాలో ఒక ప్రత్యేక సంస్థ యేర్పడినది. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క పిల్లవానికి లేక పిల్లకు పోషకులుగా నుండును. సొమ్ము ఆ బిడ్డ చేతికి పోదు. గ్రామములోని బడికి, ఇంటికి, నీటికి, వైద్యమునకు ఉపయోగపడును. బిడ్డనుండి ఉత్తరములు, బొమ్మలు ఆ కుటుంబమునకు పోవును. తెలుగులో వ్రాసినదానిని అనువదించి పంపుటకు అనంతపురములో ప్రత్యేకముగా పనివారున్నారు. వేలమైళ్ల దూరమునుండి ఆ కుటుంబములు వచ్చి పల్లెను, పిల్లను చూచిపోవుటయు జరుగుచున్నది.

ఈ పద్ధతిని విమర్శించువారును గలరు. పక్కపక్కనున్న ఇద్దఱు పిల్లలలో ఒకనికి దూరదేశపు ఉత్తరము వచ్చి రెండవవానికి రానిచో వాని మనసు చిన్నవోవుననియు, కృతజ్ఞత చెప్పించుటకు ఉత్తరము వ్రాయించుట పాఠము కాదనియు వారందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. సొమ్మును బిడ్డ పేరనే తెప్పించి గ్రామమునకంతకు వాడుటయందలి వివేకము దానికి కొంత సమాధానము. అయితే మాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది వేఱొకటి. 2009 జూను 19న ఫెర్రర్ మరణించినారు. ఒక మహావ్యక్తిని చూచి ఇచ్చిన దాతలు ఆ వ్యక్తితోపాటు తరలిపోవుట సహజము. మనయూళ్ల సంస్థలు ఎన్నియో వ్యవస్థాపకుని పండ్రెండవ దినముతోనే క్షీణించినవి. అనంతపురములో అట్లు కాలేదు. దాతకు తెలిసిన పేరు ఫెర్రర్ మాత్రమే కాదు, తన పేర ఉత్తరము వ్రాయు బిడ్డ పేరు, ఆ బిడ్డ పల్లె పేరు గూడ. వ్యవస్థాపకుడు తాను బ్రదికియుండగానే దాత చేతిని తన చేతినుండి తీసి పల్లె చేతిలో పెట్టినాడు.

ఇప్పుడు చిన్న సంస్థల విషయము. బార్సిలోనా వఱకు పోలేని పఠనమందిరపు కార్యదర్శి ఏమి చేయవలెను? మొదటిది, రసీదు ఆ వారములోనే పోవలెను. చరవాణి ద్వారా చెల్లించినవారికి యంత్రము క్షణములో రసీదు పంపును. అది బ్యాంకు పలుకు, సంస్థ పలుకు కాదు. ఒక్క వాక్యమైనను మనిషి వ్రాయవలెను. ప్రభుత్వమును ఈ లెక్కల విషయములో గట్టిగానే యున్నది. 2017నుండి రెండువేల రూపాయలకు మించిన నగదు దానములకు పన్ను రాయితీ తీసివేసినారు. 2021-22 ఆర్థిక సంవత్సరమునుండి రాయితీ పొందు సంస్థలు దాతలవారీగా వివరములు ఆదాయపుపన్ను శాఖకు పంపవలసిన నియమము వచ్చినది. ఆ పట్టిక ఎట్లును తయారగుచున్నది గనుక, దానిని పన్నుల వారికి పంపి ఊరకుండక, అందులోని పేళ్లవారికి నాలుగు మాటలు వ్రాయుటకును వాడుకొనవచ్చును.

రెండవది, అడుగని ఉత్తరము. సంవత్సరములో ఒక్కటియైనను ఏమియు అడుగని ఉత్తరము దాతకు పోవలెను. సంస్థ ముద్ర గల కవరు చూడగానే "మరల వచ్చినారు" అని గృహస్థు అనుకొనుచున్నచో, ఆ సంస్థ అప్పటికే ఆయనను పోగొట్టుకొన్నది. ఆ ఉత్తరములో కష్టమును గూడ చెప్పవలెను. మే మెఱిగిన యొక వసతిగృహమువారు ఒక యేడు వ్రాసిన ఉత్తరము మొదటి పంక్తిలోనే, బావి యెండినదనియు, పదునొకండుగురు పిల్లలలో ముగ్గురు పరీక్ష తప్పినారనియు ఉండెను. వారి సంఘములోనే కొందఱు అట్లు వ్రాసిన చందా రాదని భయపడిరి. ఆ యేడు ముగ్గురు దాతలు స్వయముగా వచ్చి చూచినారు. అందులో ఒకరు పించను పుచ్చుకొన్న లెక్కల ఉపాధ్యాయులు. ఆయన చందా పెంచలేదు. వేసవి సెలవులలో సాయంకాలములందు ఆ ముగ్గురికి లెక్కలు చెప్పినారు. ఎల్లప్పుడు విజయములనే వ్రాయువారికి ఇట్టి సహాయము ఎట్లు వచ్చును? అంతయు బాగుగనే యున్నదన్న ఇంటికి చూడబోవువారుండరు.

మూడవది పేరు. ఇది చిన్నమాట వలె కనబడును. ఒక సంస్థవారు, వారి పేరు చెప్పము, మా పరిచయస్థులొకరికి ఆయన కాలముచేసిన తరువాత నాలుగేండ్లు "మహారాజశ్రీ" యని చందాకై ఉత్తరములు పంపిరి. మొదటి ఉత్తరమునకే ఆయన భార్య విషయము తెలిపి జవాబు వ్రాసినది. ఆమె భర్త జ్ఞాపకార్థము ఆ చందాను సాగింపదలచినదట. నాలుగవ ఉత్తరము వచ్చిననాడు ఆ తలంపు మానుకొన్నది. ఆ జవాబును ఎవరో విప్పిరి, ఎవరో చదివిరి, పట్టీలో మార్చినవారు మాత్రము లేరు. పట్టీ కార్యదర్శి జేబులో గాక సంస్థ బీరువాలో నుండవలెను. దానిలో సొమ్ముతోపాటు దాత ఎందులకిచ్చినారు, తల్లి పేరనా, తాను చదివిన బడి మీది మమకారమా, ఏ తేదీ వారికి ముఖ్యమైనది, ఇవియు వ్రాసియుండవలెను. కార్యదర్శి మాఱినను ఆ మమకారమును సంస్థ మఱువకుండుటకు వేఱు దారి లేదు.

కంపెనీలు వ్యాపార లాభములలో నూటికి రెండువంతులు సాంఘిక కార్యములకు వ్యయపఱుపవలెనను శాసనము 2014 ఏప్రిలునుండి అమలునకు వచ్చినది. కొంత స్థాయికి మించిన కంపెనీలకే ఇది వర్తించును. అప్పటినుండి చాల సంస్థల చూపు అటే తిరిగినది. తప్పుకాదు. కాని కంపెనీ ద్రవ్యము ఒక పథకమునకు, ఒక గడువునకు వచ్చును, గడువు తీరగానే పోవును. అది ఉన్నన్నినాళ్లు పదిరూపాయల దాతల పట్టీ దుమ్ముపట్టకుండ చూచుకొన్నవారే తరువాత నిలిచినారు.

ఇంతవఱకు పుచ్చుకొనువారితో మాటలాడితిమి. ఈ ప్రసంగము వినుచున్న గృహములలో ఇచ్చువారే ఎక్కువగా నుందురు. మైకుముందు మాటలాడుట మా వృత్తి యగుటచేత, జవాబు రాని మాట ఎంత కష్టముగా సాగునో మాకు తెలియును. శ్రోతలనుండి ఒక ఉత్తరము, అది తప్పుపట్టునదే యైనను, వచ్చిన వారము మా పని తీరే వేఱుగా నుండును. దాతలును అట్లే జవాబు వ్రాయవలెను. లెక్క అడుగుట మర్యాదకాదని కొందఱి సంకోచము. అడుగుట మీ హక్కు, అడిగించుకొనుట సంస్థకు మేలు. వీలైన ఒకసారి పోయి చూడుడు. పోయినపుడు పిల్లలను వరుసగా నిలుపుమని కోరకుడు. వంటయిల్లు చూడుడు, పుస్తకముల బీరువా చూడుడు, లెక్కల పుస్తకము అడుగుడు.

ఇయ్యలేని సంవత్సరములు అందఱికి వచ్చును. పంట పోవును, ఉద్యోగము పోవును, ఇంట వైద్యపు ఖర్చు వచ్చును. అట్టి యేడు చాలమంది సిగ్గుపడి ఊరకుందురు, సంస్థవారి ఫోను వచ్చినను తీయరు. సంస్థవారు ఆ మౌనమును అలకయని తలచి, వారును ఊరకుందురు. పదేండ్ల పరిచయము రెండు మౌనముల నడుమ పోవును. ఆ యేడు వీలుకాదని ఒక కార్డు వ్రాసి పంపుడు, లేక ఫోనులో రెండు మాటలు చెప్పుడు. పట్టీలో మీ పేరునకెదురుగా సొమ్ము గడి ఖాళీగా నుండును, పక్కగడిలో "వచ్చే యేడు కనుగొనవలెను" అని కార్యదర్శి వ్రాసికొనును.